గడ్డి ముందు పంటకు, బస్తా దుంపకు

హైదరాబాద్ చుట్టూ శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాద్ దారుల్లో ఎకరమో అరెకరమో చూసుకొని సెలవు రోజుల్లో సాగు చేసే నగరవాసులు ఈ మధ్య బాగా పెరిగారు. మాకూ చేవెళ్ల వైపు కొద్దిపాటి ఎర్ర చెల్క ఉంది. వానలు తగ్గి చలి మొదలవుతుండగానే ఇలాంటి పొలాల్లో అందరూ క్యారెట్, ముల్లంగి, బీట్‌రూట్ విత్తనాల కోసం వెతుకుతారు. ఒక మూలన నాలుగు మడులు వేసుకుంటే ఇంటికీ ఇరుగుపొరుగుకూ సరిపోతాయి కదా. అయితే ఈ పంటలకు ఏం వేయాలన్న దగ్గర రెండు పక్షాలు ఏర్పడతాయి. బస్తా ఎరువు ముట్టుకోరాదనీ, గడ్డీ గాదమూ దున్నేస్తే మిగిలినది నేలే చూసుకుంటుందనీ నగరం నుంచి వెళ్ళినవారు అంటారు. గడ్డి దున్నితే చెదలు తప్ప మరేమీ రావనీ, యూరియా, డీఏపీ లేనిదే ఆకు కూడా నిలవదనీ పక్క పొలాలవారు అంటారు. దుంప పంటల విషయంలో రెండు మాటల్లోనూ సగం సగం నిజముంది. వ్యర్థాలు ముందు పంట కాలంలోనే నేలలో పడాలి. బస్తాలోని పోషకాలు దుంప ఊరే పంటకు అందాలి. ఈ వరుస తారుమారైతే రెండూ నష్టమే చేస్తాయని నా అభిప్రాయం. ఎందుకో కొంత వివరంగా రాస్తాను.

వరి, జొన్న, కంది వంటి పంటల్లో వేరు నేలలో ఎంత వంకరగా తిరిగినా మనకు పట్టదు, ఎందుకంటే మనం కోసుకునేది పైనున్న గింజను. క్యారెట్‌లో, ముల్లంగిలో ఆ వేరే మన పంట. క్యారెట్ విత్తిన తొలి మూడు వారాల్లో తల్లివేరు సన్నని దారంలా నిటారుగా కిందికి దిగుతుంది. గడ్డ ఎంత పొడవు ఉండాలో దాదాపు అప్పుడే తేలిపోతుంది, తర్వాత జరిగేదంతా లావెక్కడమే. ఆ దశలో వేరు కొసకు రాయి గానీ, మట్టి పెళ్ళ గానీ, చివకని కొయ్యకాలు గానీ, మాగని పెంట గానీ తగిలితే కొస దెబ్బతిని వేరు రెండుగా, మూడుగా చీలుతుంది. అలా కాళ్ళు వచ్చిన క్యారెట్‌ను తినడానికి అభ్యంతరమేమీ లేకపోయినా, బోయిన్‌పల్లి మార్కెట్‌కు తీసుకెళ్తే పక్కన పెట్టేస్తారు. కాబట్టి సేంద్రియ పదార్థం మంచిదన్న నమ్మకంతో దున్నిన వెంటనే విత్తే వారికి, ఆ మంచి పదార్థమే అడ్డంకిగా మారుతుంది. పూర్తిగా మాగని పశువుల ఎరువుతో వేరు పురుగు వస్తుంది, సగం చివికిన గడ్డి కోసం చెదలు చేరతాయి. చెదల గురించి రైతులు చెప్పే మాట ఒట్టి భయం కాదు.

మా పక్క పొలం పెద్దాయన ఈ సంగతంతా ఒక్క ముక్కలో తేల్చేస్తాడు: “సార్, గడ్డకు నేల మెత్తగుండాలె. గట్టిగుంటె అది యాడికి పోతది?” ఆయన అన్న మెత్తదనమే మన చెల్క నేలలకు పెద్ద కొరత. హైదరాబాద్ చుట్టుపక్కల ఎర్ర నేలల్లో ఇసుక పాలు ఎక్కువ, సేంద్రియ కర్బనం తక్కువ. భూసార పరీక్షల లెక్కలో 0.5 శాతం కంటే తక్కువ సేంద్రియ కర్బనం ఉన్న నేలను తక్కువ స్థాయి కింద రాస్తారు. ఇక్కడి చెల్కల్లో చాలావరకు ఆ గీత కిందనే ఉంటాయి. తడిసినప్పుడు బురదలా జారి, ఎండినప్పుడు పైన పెచ్చు కట్టి, అడుగున గట్టిపడడం వీటి స్వభావం. క్యారెట్ విత్తనం మొలవడానికే వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ వ్యవధిలో ఒక్క వాన పడి, రెండు రోజులు ఎండ కాసిందంటే పెచ్చును చీల్చుకొని రావడం ఆ చిన్న మొలక వల్ల కాదు. యూరియా ఎన్ని బస్తాలు చల్లినా పెచ్చు కట్టడం ఆగదు. మట్టి రేణువులను చిన్న చిన్న పలుకులుగా అంటిపెట్టి ఉంచేది సేంద్రియ పదార్థాన్ని తిని బతికే సూక్ష్మజీవులు వదిలే జిగురు, శిలీంధ్రాల దారాలు. వాటికి మేత ఏటా పడుతూ ఉండాలి. అందుకు మన దగ్గర అందుబాటులో ఉన్నవి పంట వ్యర్థాలే.

ఇక గడ్డి లోపలి లెక్కకు వద్దాం. వరిగడ్డిలో సుమారు 40 శాతం కర్బనం, 0.5 నుంచి 0.8 శాతం నత్రజని ఉంటాయి. అంటే ఒక పాలు నత్రజనికి 50 నుంచి 80 పాళ్ళ కర్బనం. సూక్ష్మజీవుల శరీరంలో ఈ నిష్పత్తి ఒకటికి పది లోపే. ఒక టన్ను గడ్డిని నేలలో కలిపామనుకుందాం: అందులో 400 కిలోల కర్బనం ఉంటుంది, సూక్ష్మజీవులు దానిలో రెండు వంతులు ఊపిరిగా గాలిలోకి వదిలేసి, మూడో వంతును ఒంటికి పట్టించుకుంటాయి. ఆ 130 కిలోల కర్బనానికి తోడు వాటికి 13 నుంచి 16 కిలోల నత్రజని కావాలి, గడ్డిలో ఉన్నది చూస్తే ఆరేడు కిలోలే. మిగిలిన ఏడెనిమిది కిలోలను అవి చుట్టూ ఉన్న మట్టి నుంచి లాక్కుంటాయి. గడ్డి దున్నిన నేలలో వెంటనే వేసిన పైరు పసుపు పచ్చబడి, ఎదుగుదల లేక నిలబడిపోవడానికి కారణం ఇదే. ఆ నత్రజని ఎటూ పోలేదు, అరువుకు వెళ్ళింది. గడ్డి చివికే కొద్దీ సూక్ష్మజీవులు చచ్చి దాన్ని తిరిగి నేలకు ఇచ్చేస్తాయి. తేమ ఉన్న వానాకాలపు వేడిలో ఈ అరువు గడువు నెల నుంచి నెలన్నర వరకు ఉంటుంది. ముల్లంగిలో స్వల్పకాలిక రకాలు 40, 45 రోజుల్లో పీకడానికి వస్తాయి కాబట్టి, గడ్డి దున్నిన వెంటనే ముల్లంగి వేసినవారి పంట కాలమంతా ఆ అరువు గడువులోనే గడిచిపోతుంది.

ఈ అరువును ముందే తీర్చేయడానికి టన్ను గడ్డికి ఏడు నుంచి పది కిలోల నత్రజని, అంటే 15 నుంచి 20 కిలోల యూరియా చల్లి దున్నితే సరిపోతుంది. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 46 శాతం చొప్పున 20 కిలోలకు కొంచెం పైన ఉంటుంది కనుక, ఎకరం వరి కోసిన తర్వాత మిగిలే రెండు, రెండున్నర టన్నుల గడ్డికి ఒక బస్తా లెక్క. బస్తా ఎరువును ఏ రూపంలోనూ ఒప్పుకోనివారు ఇక్కడ యూరియా బదులు పచ్చిరొట్టను, అంటే పచ్చగా ఉండగానే నేలలో దున్నేసే జనుము, జీలుగ వంటి పైరును వాడుకోవచ్చు. నా దృష్టిలో అది ఇంకా మంచి పద్ధతి. దాని సంగతి కింద రాస్తాను.

ఆకుపచ్చదనం కంటికి కనిపిస్తుంది కనుక అందరూ నత్రజని గురించే మాట్లాడతారు గానీ, దుంప పంటల్లో గడ్డి విలువ అసలు పొటాష్‌లో ఉంది. వరి పైరు నేల నుంచి తీసుకున్న పొటాషియంలో 80 శాతానికి పైగా గింజలోకి పోకుండా గడ్డిలోనే మిగిలిపోతుంది. టన్ను గడ్డిలో 12 నుంచి 17 కిలోల పొటాషియం ఉంటుంది. రెండున్నర టన్నులకు లెక్క కట్టి, ఎరువుల బస్తాలపై రాసే పద్ధతిలోకి (పొటాషియం ఆక్సైడ్ లెక్కలోకి) మారిస్తే 36 నుంచి 50 కిలోల పొటాష్ అవుతుంది. 60 శాతం పొటాష్ ఉండే మ్యూరియేట్ ఆఫ్ పొటాష్‌లో చెప్పాలంటే 50 కిలోల బస్తా కంటే ఎక్కువే. పైగా పొటాషియం గడ్డి కణజాలంలో బంధంగా ఇరుక్కొని ఉండదు, కణరసంలో కరిగి ఉంటుంది. గడ్డి చివకకపోయినా, నాలుగు వానలకు తడిస్తే చాలావరకు నేలలోకి దిగిపోతుంది. ఆకులో తయారైన చక్కెర గడ్డకు చేరాలన్నా, అక్కడ పిండిగా నిలవాలన్నా పొటాషియం తప్పనిసరి. దేశానికి కావలసిన మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ అంతా బయటి దేశాల నుంచే రావాలి. యూరియా బస్తా ధర మాత్రం వేపపూత ఖర్చు, పన్నులు కాక రూ. 242 దగ్గర కట్టి ఉంది. చవకగా దొరికేది ఎక్కువ పడుతుంది, ఖరీదైనది మానేస్తారు. ఫలితంగా మడి నిండా మోకాలెత్తు ఆకు, పీకితే వేలంత ముల్లంగి.

గడ్డిని కాల్చినా పొటాష్ బూడిదలో మిగులుతుంది కదా అని కొందరు వాదిస్తారు. మిగులుతుంది, కానీ గాలికి లేచీ, తొలి వానకు కొట్టుకుపోయీ మడిలో ఒకచోట ఎక్కువ, ఒకచోట సున్నాగా తేలుతుంది. నత్రజని దాదాపు అంతా పొగలో పోతుంది, గంధకంలోనూ కొంత పోతుంది, కర్బనం సంగతి చెప్పనక్కరలేదు. హార్వెస్టర్‌తో కోసిన పొలంలో గడ్డి వరుసలుగా పడి, కొయ్యకాళ్ళు ఎత్తుగా మిగిలి, దున్నడానికి అడ్డం వస్తాయన్న ఇబ్బంది నిజమే. అందుకే నీరు పెట్టి, ఎకరానికి 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ అనే భాస్వరం ఎరువు చల్లి రోటవేటర్‌తో కలియదున్నమని మన వ్యవసాయాధికారులు చెబుతుంటారు. ఆ సలహా వరి తర్వాత మళ్ళీ వరి వేసేవారికి సరిగ్గా సరిపోతుంది. దుంపలు వేసేవారు దాని తర్వాత తగినంత వ్యవధి ఇచ్చుకోవాలి.

గడ్డిని దున్నడం కంటే పశువులకు వేసి, పెంటను పొలానికి తెచ్చుకోవడం మేలని ఊళ్ళో వాళ్ళు అంటారు. పాడి ఉన్న ఇంటికి ఆ మాటను మించినది లేదు. కానీ ఈ రోజుల్లో మా చుట్టుపక్కల గడ్డి కట్టలు కట్టించి, నగరం అంచుల్లోని డెయిరీలకు అమ్మేయడమే ఎక్కువ. ఆ డెయిరీల పెంట మళ్ళీ అదే పొలానికి రావడం అరుదు. గడ్డితో పాటు బస్తాకు మించిన పొటాష్ కూడా లారీ ఎక్కుతోందన్న లెక్క అమ్మకపు ధరలో ఎవరూ కలుపుకోరు.

మరి వరుస ఎలా ఉండాలి? మేము పాటిస్తున్నది ఇది. యాసంగి వరి గడ్డిని ఒక మూల కుప్ప వేసి ఉంచి, జూన్‌లో తొలకరి పడగానే దుంపలు వేయదలచిన చోట పరిచి, పైపైన దున్ని, జనుము లేదా జీలుగ చల్లుతాము. పూత దశకు రాగానే, అంటే విత్తిన ఆరేడు వారాలకు, పచ్చిరొట్టను కలియదున్నేస్తాము. పచ్చిరొట్టలో ఒక పాలు నత్రజనికి ఇరవై పాళ్ళ చుట్టుపక్కలే కర్బనం ఉంటుంది కనుక అది త్వరగా చివికి, పక్కనున్న వరిగడ్డికి కావలసిన నత్రజనిని తానే అందిస్తుంది. ఒంటరిగా దున్నిన పచ్చిరొట్ట నెల తిరిగేసరికి ఆనవాలు లేకుండా పోతుంది. ఒంటరిగా దున్నిన గడ్డి నత్రజనిని లాగేస్తుంది. రెండూ కలిసినప్పుడు ఒకటి మేతగా, ఇంకొకటి తోడుగా పనిచేసి, నేలలో కొంతకాలం నిలిచే పదార్థం మిగులుతుంది. ఆగస్టు, సెప్టెంబర్ వానలు ఆ పని పూర్తి చేస్తాయి. అక్టోబర్‌లో నాగలితో అడుగు లోతు దున్ని, రాళ్ళు ఏరి, బోదెలు కట్టి క్యారెట్ విత్తితే కాళ్ళు వచ్చే గడ్డలు బాగా తగ్గుతాయి. రోటవేటర్ ఒక్కదానితో సరిపెట్టుకుంటే పై ఐదారు అంగుళాలు పిండిలా అయి, కింద గట్టి పొర అలాగే ఉండిపోతుంది. క్యారెట్ అక్కడికి చేరి ఆగిపోతుంది, లేదా పక్కకు వంగుతుంది.

విత్తాక సాళ్ళ మీద పలుచగా ఎండుగడ్డి కప్పి, మొలక కనిపించగానే సాయంత్రం పూట తీసేయడం పెచ్చు కట్టకుండా మేము చేసే ఉపాయం. కప్పిన గడ్డిని ఆలస్యంగా తీస్తే మొలకలు పాలిపోయి సాగుతాయి. ఇది చిన్న పనే గానీ, ఆ వారంలో పొలానికి వెళ్ళడానికి వీలు లేనివారు పెట్టుకోకపోవడమే నయం.

బస్తా ఎరువుల దగ్గర దుంపల కోరిక వేరు. భాస్వరం అంతా దుక్కిలోనే, వేరుకు దగ్గరగా పడాలి, ఎందుకంటే అది మట్టిలో కదలదు. నత్రజనిని ఎక్కువ వేయకుండా రెండు దఫాలుగా ఇవ్వాలి. రెండో దఫా మొక్కలను పలుచన చేసి కలుపు తీశాక. ఆలస్యంగా, ఎక్కువగా వేసిన నత్రజనితో ఆకు పెరిగి, గడ్డల మీద పీచు వేర్లు లేచి, ముల్లంగి పగులుతుంది. నీటి తడులు హెచ్చుతగ్గులైతే ఆ పగుళ్ళు ఇంకా పెరుగుతాయి. పొటాష్‌ను కూడా సగం దుక్కిలో, సగం గడ్డ ఊరే ముందు ఇవ్వడం ఇసుక పాలున్న చెల్కల్లో మంచిది. ఎంత వేయాలన్న అంకెను ఇక్కడ రాయకపోవడానికి కారణముంది: గడ్డి వేసిన నేలకూ, వేయని నేలకూ ఒకే అంకె చెప్పడం సరికాదు. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో గానీ, దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ మట్టి పరీక్ష చేయించుకోవడం ఉత్తమం. నమూనా తీసేటప్పుడు మామూలుగా చెప్పే ఆరంగుళాల లోతుతో పాటు, దుంపలకు అడుగు లోతు మట్టిని వేరే సంచిలో ఇవ్వాలి.

బోరాన్ అనే సూక్ష్మపోషకం గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే దాని లోపం గడ్డ కోసే వరకు బయటపడదు. బీట్‌రూట్ కోసినప్పుడు మధ్యలో నల్లటి మచ్చలు, ముల్లంగి మధ్యలో గోధుమ రంగు డొల్ల కనిపిస్తే పురుగు అనుకొని మందు కొట్టేవారున్నారు. ఇసుక నేలల్లో బోరాన్ నీటితో పాటు కిందికి జారిపోతుంది. సేంద్రియ పదార్థం దాన్ని కొంత పట్టి ఉంచుతుంది. ఎకరానికి బోరాన్ ఉండే బోరాక్స్ పొడి నాలుగు కిలోలు దుక్కిలో వేస్తే చాలు. ఎక్కువైతే విషమవుతుంది కనుక, మంచిదేగా అని గుప్పిళ్ళతో వేయరాదు.

వ్యర్థాలూ బస్తాలూ కలిసి పనిచేస్తాయన్న మాట మన ఊళ్ళ అనుభవమే కాదు. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ క్షేత్రంలో జాన్ బెన్నెట్ లాస్, హెన్రీ గిల్బర్ట్ 1843లో మొదలుపెట్టిన దీర్ఘకాల ప్రయోగాల్లో ఒకటైన బార్న్‌ఫీల్డ్ ప్రధానంగా దుంప పంటలకు కేటాయించినది. మొదట టర్నిప్, తర్వాత బీట్‌రూట్ జాతికే చెందిన మాంగోల్డ్ ఏళ్ళ తరబడి అక్కడ వేశారు. పశువుల ఎరువు ఏటా పడిన మడులకు నత్రజని ఎరువు కూడా తోడైనప్పుడు వచ్చిన దిగుబడిని ఒట్టి రసాయన ఎరువుల మడులు అందుకోలేకపోయాయి. నత్రజని ఎంత పెంచినా ఆ తేడా పూడలేదు కనుక, అది పోషకాల తేడా మాత్రమే కాదనీ, నేల గుల్లదనం, నీరు పట్టే గుణం కూడా అందులో ఉన్నాయనీ శాస్త్రజ్ఞులు తేల్చారు. ఇందులో నాకు నచ్చే విశేషమేమంటే, ఈ ప్రయోగం మొదలుపెట్టిన లాస్ స్వయంగా సూపర్ ఫాస్ఫేట్ తయారీకి 1842లో పేటెంటు తీసుకున్న వ్యాపారి. తన బస్తా సరిపోదని తన పొలమే చెప్పిన లెక్కలను ఆయన దాచిపెట్టలేదు.

అన్ని వ్యర్థాలూ వరిగడ్డి లాంటివి కావు. చేవెళ్ల, వికారాబాద్ వైపు పత్తి ఎక్కువ. పత్తి కట్టెలో దాన్ని గట్టిపరిచే లిగ్నిన్ అనే పదార్థం అధికంగా ఉండి చివకడానికి చాలా కాలం పడుతుంది. అందులో గులాబీ రంగు పురుగు దాగే ప్రమాదం కూడా ఉంది. దాన్ని నేరుగా దున్ని దుంపలు వేయడం ఏ విధంగానూ పనికిరాదు. హైదరాబాద్ సంతోష్‌నగర్‌లోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (క్రిడా) పత్తి, కంది, ఆముదం, మొక్కజొన్న కట్టెలను తక్కువ గాలిలో కాల్చి బయోచార్‌గా మార్చే చిన్న కొలిమిని రూపొందించింది. బయోచార్ దశాబ్దాలు నేలలో నిలుస్తుంది, నీటిని పట్టి ఉంచుతుంది, కానీ దానంతట అది ఎరువు కాదు. పెంటతోనో పేడనీటితోనో నానబెట్టి వేయకపోతే మొదట్లో అదే పోషకాలను పీల్చుకుంటుంది.

పొలం లేనివారికి, మిద్దె తోటల వారికి వ్యర్థాల కొరత లేదు. బోయిన్‌పల్లి మార్కెట్‌లో రోజూ పోగయ్యే సుమారు పది టన్నుల కూరగాయల వ్యర్థంతో, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ (ఐఐసీటీ) శాస్త్రజ్ఞుల సాంకేతికతతో బయోగ్యాస్ కేంద్రం నడుస్తోంది. రోజుకు 500 యూనిట్ల వరకు కరెంటు తీశాక మిగిలే మడ్డి ఎరువుగా పనికొస్తుంది. మన అపార్ట్‌మెంట్లలో వేప, కానుగ ఆకులను ఊడ్చి సంచుల్లో కట్టి చెత్తబండికి ఇచ్చేస్తున్నాము. ఎండుటాకు రెండు పాళ్ళు, కూరగాయల తొక్కలు ఒక పాలు కలిపి మాగబెడితే ముల్లంగి కుండీలకు అంతకంటే మంచిది దొరకదు. అయితే పూర్తిగా నల్లబడి, మట్టి వాసన వచ్చి, జల్లెడలోంచి దిగాలి. కుండీలో వేరు తప్పించుకుపోవడానికి చోటు ఉండదు కనుక, పొలంలో కంటే ఇక్కడే ఆ జాగ్రత్త ఎక్కువ అవసరం.

చిలగడదుంప సంగతి కాస్త వేరు. శివరాత్రి ఉపవాసాలకు రత్నపురి గడ్డ నగరంలో ఎంత అమ్ముడవుతుందో అందరికీ తెలిసిందే. ఆ గిరాకీని అందుకోవాలంటే నాలుగు నెలల ముందు, అంటే అక్టోబర్‌లో తీగ నాటాలి. దీని గడ్డ ఎలాగూ వంకరటింకరగా ఉంటుంది కనుక, క్యారెట్‌కు పనికిరాని సగం చివికిన గడ్డిని బోదెల అడుగున వేసినా ఓర్చుకుంటుంది. నత్రజని ఎక్కువైతే మాత్రం పొలమంతా తీగే పాకుతుంది. గడ్డలు తవ్వాక మిగిలే తీగ, బీట్‌రూట్ ఆకు, ముల్లంగి ఆకు పచ్చిరొట్టకు దీటుగా నత్రజని ఉన్న వ్యర్థాలు. పశువులకు వేయగా మిగిలినవి పొలంలోనే ఎండకుండా దున్నేయాలి. నులిపురుగు పట్టి బుడిపెలు వచ్చిన క్యారెట్ మడి వ్యర్థాన్ని మాత్రం కలపకుండా వేర్లతో సహా ఏరి తీసేసి, ఆ మడిలో తర్వాతి ఏడాది బంతి వేసి, వేప పిండి చల్లుకోవాలి.